మూడో బేస్ దగ్గర చీమలు

సీజన్ మొదటి రోజు ఉదయం తెయోఫిలో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది: కాఫీ తాగడం, యూనిఫాంకి గంజి పెట్టడం, సాయంత్రం మైదానానికి వెళ్ళి ఉద్యోగం నిలబెట్టుకోవడం. కాఫీ వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

ఉద్యోగం అంటే, 'ఎండ్రకాయలు' అనే బేస్‌బాల్ జట్టులో మూడో బేస్ కోచ్. బేస్‌లంటే రన్నర్లు వరసగా తాకుతూ వెళ్ళాల్సిన మజిలీలు; చివరిదైన హోమ్ తాకితే ఒక పరుగు. బేస్ పక్కన సున్నంతో గీసిన గడిలో నిలబడి బ్యాటర్‌కీ, బేస్‌ల మీదున్న రన్నర్లకీ సైగలు చెయ్యాలి. చెవి పట్టుకుంటే పరిగెత్తమని, ముక్కు గోక్కుంటే బంతిని మెల్లగా తట్టి కాళ్ళముందు పడెయ్యమని, తొడ చరుచుకుంటే గట్టిగా బాదమని. అవతలి జట్టువాళ్ళకీ కళ్ళుంటాయి గనుక ఇందులో ఒక తాళం కూడా ఉంది. కోచ్ బెల్టు ముట్టుకున్నాక చేసిన సైగే లెక్క. అంతకుముందు చేసినదంతా ఉత్త కాలక్షేపం. ఇరవై రెండేళ్ళుగా తెయోఫిలో ఈ కాలక్షేపమూ, ఈ తాళమూ చేస్తూ వచ్చాడు. ఇంట్లో తన కళ్ళజోడు ఎక్కడుందో ఏనాడూ తెలియదు గానీ, ఆ గడిలో ఏ మూల మట్టి మెత్తగా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

జట్టు మాత్రం రెండేళ్ళుగా అట్టడుగున ఉంది. మేనేజర్ దోన్ ప్లుటార్కో, అంటే ప్లుటార్కోగారు, అంతకు ముందురోజే భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. "చూడు తెయోఫిలో, నీమీద నాకేం కోపం లేదు. ఈసారీ అడుగునే ఉన్నామనుకో, ఆ గడిలో మా బావమరిది ఎవారిస్తో నిలబడతాడు. వాడికి సైగలు రావనుకో. అయినా మనం ఓడిపోతూనే ఉన్నాంగా, మావాడితోనే ఓడిపోదాం."

ఆ రాత్రి తెయోఫిలోకి నిద్ర పట్టలేదు. తెల్లారాక, కనీసం బట్టలైనా దర్జాగా ఉండాలని నిశ్చయించుకున్నాడు.

అతని భార్య ఎర్సిలియా చర్చికి వెళ్తూ గుమ్మంలోంచి కేకేసింది. "ఏవయ్యా, పెరట్లో తెల్ల బేసిన్‌లో కర్రపెండలం గంజి ఉంది. యూనిఫాం అందులో ముంచి ఆరెయ్. నీలం బేసిన్ జోలికి మాత్రం వెళ్ళకు. అది నా బుట్టలకి కలిపిన పంచదార నీళ్ళు."

బుట్టలంటే, ఎదురింటివాళ్ళ మనవడి బాప్టిజానికి మిఠాయిలు పెట్టి పంచడానికి ఆవిడ దారంతో అల్లిన నలభై చిట్టి బుట్టలు. పంచదార నీళ్ళలో ముంచి ఆరబెడితే అవి చెక్కలా బిగుసుకుని నిలబడతాయి. తెయోఫిలో ఆ మాటలన్నీ విన్నాడు. కళ్ళజోడు కోసం వెతికాడు. దొరకలేదు. అది లేకుండా రెండు బేసిన్లలోనూ నీళ్ళు ఒకేలా కనిపించాయి. బేసిన్ల రంగు చూసే ఓపిక లేక, చొక్కానీ ప్యాంటునీ దగ్గరగా ఉన్నదాంట్లో ముంచి, ఎండలో వేసి, తన పనితనానికి తానే మురిసిపోయాడు.

మధ్యాహ్నానికి బట్టలు అట్టలా తయారయ్యాయి. ఎర్సిలియా వచ్చి వేలితో మీటి, "పర్లేదే, నీకు కూడా చేతనయిందే!" అంది. ఆవిడ మెచ్చుకోవడం గత పదేళ్ళలో అదే మొదటిసారి.

ఇక్కడ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాది ఒక దీవిలో చక్కెర మిల్లున్న ఊరు. మిల్లు గోడ ఒకవైపు, స్టేడియం గోడ మరోవైపు, మధ్యలో చీమలు. మా ఊరి చీమలు తీపి వాసనని ఫర్లాంగు దూరంనుంచి పసిగడతాయి.

మొదటి ఆట మూడో ఇన్నింగ్స్ దాకా ఏమీ జరగలేదు. నాలుగోదానికి తెయోఫిలోకి చెమట పట్టింది. పంచదార కరిగింది. కరిగిన పంచదారంతా కిందికి జారి బెల్టు దగ్గర నిలిచింది. మొదటి చీమ అక్కడే కుట్టింది.

తెయోఫిలో బెల్టు గోక్కున్నాడు. తాళం తెరుచుకుంది. వెంటనే ఇంకో చీమ చెవి వెనక కుట్టింది. అతను చటుక్కున చెవి పట్టుకున్నాడు. మూడో బేస్ మీదున్న మాక్సి, జట్టులోకెల్లా వేగంగా పరిగెత్తేవాడు, కళ్ళు పెద్దవి చేసి చూశాడు. బంతి ఇంకా దాన్ని విసరాల్సిన పిచర్ చేతిలోనే ఉంది. అలాంటప్పుడు పరిగెత్తమనేవాడు మా దీవిలో ఎక్కడా ఉండడు. అయినా మాస్టారు చెప్పాక తప్పేదేముందని మాక్సి హోమ్ వైపు దూకాడు. అవతలి పిచర్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బంతి క్యాచర్ తలమీంచి వెళ్ళి ప్రేక్షకుల్లో ఒకాయన వేయించిన అరటికాయ ముక్కల పొట్లంలో పడింది.

ఆ తర్వాత ఇక చూడాలి. బాదాల్సిన చోట మావాళ్ళు మెల్లగా తట్టారు, తట్టాల్సిన చోట బాదారు, నిలబడాల్సిన చోట పరిగెత్తారు. తెయోఫిలో గడిలో చిందులు తొక్కుతున్నాడు. ఎండ్రకాయలు తొమ్మిది పరుగుల తేడాతో గెలిచారు.

దోన్ ప్లుటార్కో పరిగెత్తుకొచ్చి అతన్ని కావలించుకున్నాడు. "ఇన్నేళ్ళూ ఈ విద్య ఎక్కడ దాచావయ్యా?"

"దోన్, అదీ... చీమ..."

"చెప్పకు! నాక్కూడా చెప్పకు! రేపు కూడా ఇలాగే చెయ్. బట్టలు మార్చకు, భోజనం మార్చకు, ఇంట్లో ఏ వస్తువూ కదపకు."

తెయోఫిలోకి ఒక్క క్షణం నిజం చెప్పేయాలనిపించింది. తర్వాత ఎవారిస్తో మొహం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

ఆ రాత్రి చొక్కా అంచు నాకి చూస్తే, తాను ముంచింది నీలం బేసిన్‌లోనని తెలిసింది. మర్నాటినుంచి ఎర్సిలియా లేవకముందే లేచి, రహస్యంగా పంచదార నీళ్ళు కలుపుకోవడం మొదలుపెట్టాడు. జట్టు పది ఆటల్లో తొమ్మిది గెలిచి పట్టికలో పైకెక్కి కూర్చుంది. ఊళ్ళో కాఫీ కొట్టు దగ్గర పలకరింపులు మారిపోయాయి. ఒకడు నడుం గోక్కుంటే ఇంకొకడు చెవి పట్టుకునేవాడు. రేడియోలో రోజూ సాయంత్రం 'తెయోఫిలో తాళం' గురించి చర్చ. రాజధాని జట్టువాళ్ళు ఒక లెక్కల ప్రొఫెసర్‌ని పట్టుకొచ్చి, ఎదురు స్టాండ్‌లో కూర్చోబెట్టి, మూడు ఆటల పాటు అతని గోకుళ్ళన్నీ రాయించారు. ఆయన చివరికి, "ఇందులో పద్ధతి ఉంది గానీ, అది మనుషుల పద్ధతి కాదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. పాపం, ఆయన ఒక్కడే దగ్గరగా వచ్చాడు.

ఎదురింటి బాప్టిజంలో మాత్రం చిన్న అపశ్రుతి జరిగింది. సగం పంచదార యూనిఫాం తాగేయడంతో ఎర్సిలియా బుట్టలు వడలిపోయి, మిఠాయిలన్నీ పాదిరిగారి కాళ్ళమీద దొర్లాయి. నలభై ఏళ్ళుగా అల్లుతున్న ఆవిడకి అలాంటి తలవంపు ఎప్పుడూ రాలేదు. ఆ వారమంతా కిటికీ తలుపులు తెరవలేదు.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. చీమలు పుట్టల్లోకి పోయాయి. తెయోఫిలో గడిలో నిలబడి చీమల కోసం ఎదురుచూశాడు. ఒక్కటీ రాలేదు. ఇక చేసేదిలేక, కుట్టినట్టు నటించాడు. ఎండ్రకాయలు వరసగా ఏడు ఆటలు ఓడిపోయారు.

మాక్సి ఒకరోజు పక్కకి పిలిచి నొచ్చుకున్నాడు. "ఏమనుకోకండి మాస్టారూ. ముందు మీ సైగల్లో ప్రాణం ఉండేది. ఇప్పుడేదో మొక్కుబడిగా చేస్తున్నారు. మామీద కోపమా?"

"లేదు నాయనా."

"మరి మనసు పెట్టండి మాస్టారూ. మీరు మనసు పెట్టి గోక్కుంటే మేం ప్రాణాలిస్తాం."

ఆ మాటకి తెయోఫిలోకి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పూటనుంచి పంచదార రెట్టింపు చేశాడు. వాన వల్ల మైదానంలోకి చీమలు రాలేదు. ఇంట్లోకొచ్చాయి. ముందు వంటింట్లోకి, తర్వాత బట్టల పెట్టెలోకి, ఆ తర్వాత పక్కలోకి.

ఎర్సిలియా పంచదార డబ్బా బోర్లించి అతని ముందు పెట్టింది. "నాలుగు రోజుల కిందట నింపాను. ఏమైపోయింది?"

తెయోఫిలో బల్లవైపు చూశాడు. తర్వాత మొదటినుంచి చివరిదాకా చెప్పేశాడు.

ఆవిడ డబ్బా పక్కకి నెట్టింది. "అంటే నా బుట్టలు..."

"అవును."

"నీ ఒంటి మీద దద్దుర్లు చూసి, నా గంజి పడలేదేమోనని అల్తాగ్రాసియా మాతకి మొక్కుకున్నాను కదయ్యా! చెప్పులు లేకుండా గుడిదాకా నడిచాను!"

"ఆ గడి పోతుందని భయమేసింది ఎర్సిలియా. అక్కడ తప్ప నేనెక్కడా పనికిరాను."

ఆవిడ కోపం సగంలో ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను భయమని ఒప్పుకోవడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. "వెళ్ళి ఆ ప్లుటార్కోకి నిజం చెప్పు. ఉంచితే ఉంచుతాడు, లేకపోతే నా బుట్టలకి దారం చుడుదువుగాని."

సీజన్‌లో ఒకే ఒక్క ఆట మిగిలింది. గెలిస్తే నాలుగో స్థానం, పై దశకి ప్రవేశం. ఓడితే మళ్ళీ అడుగునే. తెయోఫిలో తెగించి మేనేజర్ గదిలోకి వెళ్ళాడు.

"దోన్, నా సైగల్లో ఏ రహస్యమూ లేదు. యూనిఫాం పొరపాటున పంచదార నీళ్ళలో ముంచాను. చీమలు కుట్టాయి. గోక్కున్నాను. అంతే."

దోన్ ప్లుటార్కో లేచి తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గించాడు. "అద్భుతం. చీమలు! ఎవరైనా అడిగితే ఇదే చెప్పు. చచ్చినా నమ్మరు."

"దోన్, దేవుడి మీద ఒట్టు..."

"అదిగో, ఒట్టు కూడా! నువ్వు మామూలోడివి కాదయ్యా." మేనేజర్ కన్ను కొట్టాడు.

ఆ మధ్యాహ్నం ఎర్సిలియా యూనిఫాంని మూడుసార్లు మంచినీళ్ళలో జాడించి, అసలు సిసలు కర్రపెండలం గంజి పెట్టి ఇచ్చింది. మొగుడు పరువుగా ఓడిపోయినా ఫరవాలేదు గానీ, ఒళ్ళు పుండు చేసుకుని గెలవక్కర్లేదని ఆవిడ తీర్మానించుకుంది. అతనికి మాత్రం చెప్పలేదు.

వాన వెలిసింది, చీమలు బయటికొచ్చాయి, అయినా తెయోఫిలో ఒంటిమీద ఒక్కటీ ఎక్కలేదు. అతను ఎనిమిది ఇన్నింగ్స్ పాటు చేతులు కట్టుకుని విగ్రహంలా నిలబడ్డాడు. అవతలి జట్టు ఇది మరీ పెద్ద ఎత్తని బెంబేలెత్తి, చేతికందిన బంతులు కూడా జారవిడిచింది. మావాళ్ళూ అంతే కంగారుపడి, అంతే చెత్తగా ఆడారు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి పరుగులు నాలుగుకి నాలుగు. మావాళ్ళలో ఇద్దరు అవుట్, మూడోవాడూ అయితే ఇన్నింగ్స్ అయిపోయినట్టే. రెండో బేస్ మీద మాక్సి.

బ్యాటర్ బంతిని ఎడమవైపు కొట్టాడు. మాక్సి మూడో బేస్ వైపు దూసుకొస్తున్నాడు. ఎడమ ఫీల్డర్ అప్పటికే బంతి అందుకున్నాడు. అతని చెయ్యి ఫిరంగి అని అందరికీ తెలుసు. హోమ్‌కి వెళ్తే మాక్సి అవుట్, ఆట అదనపు ఇన్నింగ్స్‌కి పోతుంది. తెయోఫిలో, మొదటి చీమ కుట్టిన తర్వాత మొదటిసారి, పూర్తిగా తెలిసి, ఒక సైగ చేశాడు. రెండు చేతులూ ఎత్తి, గొంతు చించుకుని అరిచాడు. "ఆగు! ఆగరా నాయనా!"

మాక్సి ఆ చేతులు చూశాడు, అవి బెల్టు ముట్టుకోలేదనీ చూశాడు. మొహం వెలిగిపోయింది. "అర్థమైంది మాస్టారూ!" అని అరిచి, ఇంకా వేగంగా హోమ్ వైపు పరిగెత్తాడు.

ఫీల్డర్ కూడా ఆ చేతులు చూశాడు. రన్నర్ ఆగుతాడనుకుని బంతిని మూడో బేస్‌కి విసిరాడు. అక్కడ తెయోఫిలో తప్ప మావాళ్ళెవరూ లేరు. ఈలోగా మాక్సి బోర్లా జారి హోమ్ తాకాడు. ఎండ్రకాయలు గెలిచారు.

ఊరంతా మైదానంలోకి వచ్చేసింది. దోన్ ప్లుటార్కో తెయోఫిలో రెండు బుగ్గలూ ముద్దాడి, మైకు ముందు ప్రకటించాడు. "ఇంత మెదడున్న మనిషిని ఎండలో నిలబెట్టడం పాపం! రేపటినుంచి తెయోఫిలో నా పక్కన నీడలో కూర్చుంటాడు, సైగల సలహాదారుగా. మూడో బేస్ దగ్గర మా ఎవారిస్తో నిలబడతాడు."

తెయోఫిలో గబగబా ముందుకొచ్చాడు. మేనేజర్ చొక్కా పట్టుకుని బతిమాలాడు. "దోన్, నాకు నీడ వద్దు. సలహాలు వద్దు. ఆ గడి ఒక్కటి చాలు. నిజంగా చెప్తున్నాను."

దోన్ ప్లుటార్కో అతన్ని ఆప్యాయంగా చూసి, కన్ను కొట్టాడు. "అర్థమైందిలే."

మర్నాడు పొద్దున్న ఎవారిస్తో కొత్త యూనిఫాం పట్టుకుని వచ్చి, మాస్టారి బట్టలు ఉతికిన చేత్తోనే తనవీ ఉతకమని ఎర్సిలియాని వేడుకున్నాడు. ఆవిడ ఎంతో ఆదరంగా తీసుకుని, కాఫీ ఇచ్చి పంపించి, వాటిని చీమ కన్నెత్తి చూడకుండా మంచినీళ్ళలో ఏడుసార్లు జాడించింది.