మైపాడులో రెయిన్‌కోట్ల పంపిణీ

జబీనా బాపట్లలో ఒక రేకుల షెడ్డులో ఆరు మిషన్లు పెట్టి రెయిన్‌కోట్లు కుట్టిస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కృష్ణపట్నంలో, పోర్టుకు కూలీలను పంపే ఒక కంపెనీ మేనేజరుకు పన్నెండు రెయిన్‌కోట్లు నమూనాగా చూపించాలి. ఈ ఆర్డరు రాకపోతే ఆరు మిషన్లలో మూడు మూలపడతాయి. అయినా రైలు పొద్దున ఏడింటికే నెల్లూరు చేర్చింది కాబట్టి, అప్పటిదాకా తాపీగా ఊరు చూద్దామని ఆమె పథకం. తోడుగా అత్తగారు ముంతాజ్ బేగం వచ్చింది.

"ముందు మైపాడు పోయి సముద్రం చూద్దాం అత్తమ్మా. తర్వాత ఊళ్ళో తిరిగి, భోంచేసి, అటునుంచి పనికి పోదాం."

"సముద్రం మన బాపట్లలో లేదా?"

"ఉంది. కానీ అక్కడ అడుగడుక్కీ ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. హాయిగా ఉంటుంది."

ఆటో మాట్లాడుకుని తొమ్మిదింటికల్లా మైపాడు చేరారు. నవంబరు మబ్బు సముద్రం మీద నల్లగా వాలి ఉంది. ఒక మూసిన కొట్టు చూరు కింద అత్తగారిని కూర్చోబెట్టి, ఆ కోట్లున్న సంచి ఆమె పక్కన పెట్టి, "దీన్ని మాత్రం వదలొద్దు. నేను టీ తెస్తా" అని జబీనా వెళ్ళింది. టీ కొట్టు దగ్గర సముద్రం మరీ అందంగా కనిపించింది. ఆమె అరగంట నిలబడి చూసింది. ఆ అరగంటలోనే వాన అందుకుంది.

చూరుకు ఎదురుగా పిచ్చమ్మ అనే ఆమె ఎండుచేపలు అమ్ముతోంది. "అయ్యో, నా చేపలు తడిసిపోతా ఉండాయే!" అని ఆమె గోలపెట్టేసరికి ముంతాజ్ బేగం మనసు ఆగలేదు. ఒక కోటు తీసి గంప మీద కప్పింది. దారిన పోతున్న ముసలాయన ఆగి, "నాకూ ఒకటి ఇయ్యి తల్లీ" అన్నాడు. అడిగినవాళ్ళను లేదని పంపడం ఆవిడకు పుట్టుకతో రాదు. తర్వాత మునెయ్య అనే పడవాయన తన మనుషులతో వచ్చాడు.

జబీనా టీ గ్లాసులతో వచ్చేసరికి సంచి చదునుగా పడి ఉంది. కొట్టు ముందు ముప్పైమంది వరసలో నిలబడ్డారు. కొందరి చేతుల్లో ఆధార్ కార్డులున్నాయి.

"అత్తమ్మా! కోట్లేవీ?"

"వాన తగ్గాక ఇచ్చేస్తారులే. మంచివాళ్ళు."

జబీనా టీ గ్లాసులు కింద పెట్టేసింది. వరస వైపు తిరిగి, "అయ్యా, ఇవి పంచడానికి తేలేదు! ఇవి శాంపిల్సు!" అని అరిచింది.

"శాంపిలే ఇంత బాగుంటే అసలుది ఎట్టుంటాదో!" అన్నాడు ఒకతను వెనక్కి తిరిగి. ఆ మాట వరస చివరిదాకా పోయి, ఇంకో యాభైమందిని వెంటబెట్టుకొచ్చింది.

తీసుకున్నవాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకుంటే తిరిగి వసూలు చేసుకోవచ్చని జబీనాకు తట్టింది. నోటుబుక్కు తీసింది. అంతకంటే పొరపాటు ఇంకోటి లేదు. పేర్లు రాస్తున్నారని తెలియగానే, ఇది సర్కారు పథకమేనని ఊరికి నమ్మకం కుదిరింది. వలల్లోంచి చేపలు ఏరుతున్నవాళ్ళు ఏరడం ఆపి వచ్చారు. రాయనంటే, "మా పేరు రాస్తే మీ సొమ్మేం పోయింది మేడమ్?" అని కోప్పడ్డారు. రెండు వందల పన్నెండో పేరు రాస్తుండగా గంగులయ్య అనే ఊరిపెద్ద శాలువాతో దిగాడు.

"అన్నా, నేను గవర్నమెంటు మనిషిని కాదు. బాపట్ల నుంచి వచ్చా. రెయిన్‌కోట్లు కుట్టుకుంటా!"

గంగులయ్య జనం వైపు తిరిగాడు. "చూసినారా! బాపట్ల నుంచి మనకోసం స్వయంగా కుట్టి తెచ్చినారు!"

చప్పట్లు మోగాయి. ముంతాజ్ బేగానికి శాలువా కప్పారు. గంగులయ్య ఉపన్యాసం ముగిసేసరికి ఒంటిగంట దాటింది. పన్నెండు కోట్లలో ఎనిమిది, పేరూ నంబరూ రాయించిన మునెయ్యతో, ఆయన మనుషులతో పాటు అప్పటికే పడవెక్కి వేటకు పోయాయి. మిగతా నాలుగూ ఊళ్ళో ఎక్కడున్నాయో అంతుచిక్కలేదు.

కృష్ణపట్నం పోయే ఆటోలో జబీనా కళ్ళు తుడుచుకుంది. అత్తగారు శాలువా సర్దుకుంటూ, "ఉన్నదున్నట్టు చెప్పు. అబద్ధమాడితే కదా భయం" అంది.

మేనేజరు కరుణాకుమారి ముఖంలో నవ్వు లేదు. "శాంపిల్ ఏదమ్మా?"

"సముద్రంలో ఉందండీ" అని, జబీనా మొదటినుంచీ అంతా చెప్పేసింది. నోటుబుక్కు తీసి బల్లమీద పెట్టింది.

కరుణాకుమారి పేజీలు తిప్పి, మునెయ్య నంబరు చూసి, స్పీకరు పెట్టి ఫోన్ చేసింది. అటువైపు అలల హోరు, వాన.

"కోటు లోపలికి నీళ్ళు దిగినాయా?" అని అడిగింది.

"చుక్క దిగలేదు! మూడు గంటలుగా వానలోనే ఉండాం. కానీ కుట్టినామెకు చెప్పండి, గాలికి ముసుగు ఎగిరిపోతా ఉంది, నాడా పెట్టాల. జేబులో ఫోను పట్టదు. ఇంకో మాట, ఈ కోట్లు మేము తిరిగియ్యం!" అని పెట్టేశాడు.



"ఇప్పటికి నలుగురు వచ్చారు" అంది కరుణాకుమారి. "అందరూ కోటు బల్లమీద పరిచి గ్లాసుడు నీళ్ళు పోసి చూపించారు. పోయిన ఏడాది అట్లా చూసి కొన్నవే మొదటి వానకు కారినాయి. మావాళ్ళు తడిసి జ్వరాలు తెచ్చుకున్నారు." ఆమె కాగితం ముందుకు లాక్కుంది. "ముసుగుకు నాడా పెట్టండి, జేబు పెద్దది చెయ్యండి. ముందు మూడు వందలు కుట్టి పంపండి. వాడి చూసి మిగతావి చెప్తా."

జబీనా నోటుబుక్కు అందుకుని నాడా, జేబు, మూడు వందలు అని రాసుకుంది. ముంతాజ్ బేగం మాత్రం ఇందులో వింతేముందన్నట్టు చూసింది.

బయటికి రాగానే ఫోన్ మోగింది. గంగులయ్య.

"మేడమ్, ఘోరం జరిగిపోయింది. ఊరంతటి పేర్లూ రాసినారు, నా పేరు మరిచినారు!"

జబీనా నోటుబుక్కు తెరిచి ఆయన పేరు రాసుకుని, సైజు అడిగింది.