చేపల శుక్రవారం తీర్మానం

"వాడి మెడకేమైనా అయితే ఎవరు చూస్తారు?" అన్నాను పైకే. అప్పటికింకా సభ మొదలుకాలేదు, మూకుట్లో నూనె కూడా కాగలేదు.

"నువ్వప్పుడే మెడదాకా వెళ్లిపోయావేంటి లొరెటా? ముందు అరచేతి సంగతి తేలనీ," అంది పక్కన క్యాబేజీ తరుగుతున్న డోరీన్.

అదీ నిజమే. ఆ వారం మా ఊళ్లో మెడల గురించి ఎవరూ మాట్లాడుకోవడం లేదు.

ఈస్టర్‌కు ముందొచ్చే ఉపవాసపు శుక్రవారాల్లో మేము మాంసం ముట్టం. దేవుడి కోసం ఆ త్యాగం చేసి, చర్చి కింది హాల్లో మనిషికి నాలుగేసి చేపముక్కలు వేయించుకు తింటాం. ఈ ఏడాది ఆ హాలును అంతకన్నా పవిత్రమైన పనికి కేటాయించారు. నిరుడు పదిహేడు ఆటల్లో పదహారు ఓడిన ఘనత కారణంగా, కాలేజీ ఆటగాళ్లను జట్లు పంచుకునే, బాగా ఓడినవాళ్లు ముందు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిలుపు మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకే దక్కింది. బంతి విసిరేవాణ్ణి, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను, ఎవరిని తీసుకోవాలన్నది జట్టు యజమాని తేల్చుకోవలసిన విషయం. ఆయన మమ్మల్ని అడగలేదు. అడగకపోయినా చెప్పడం పౌరధర్మం కనుక, అభిమానుల సంఘం చర్చించి, ఓటింగు జరిపి, ఆయనకు తీర్మానం పంపాలని నిశ్చయించింది.

బరిలో ఇద్దరు. ఒకడు టెక్సస్ కుర్రాడు. రెండోవాడు ట్రెంట్, వాణ్ణి కన్నది నేను. ఈ రెండో విషయం చర్చకు అడ్డురాకూడదని సంఘం ముందుగానే హెచ్చరించింది. నాకు ఓటు లేదు. చేపలు వేయించే హక్కు మాత్రం యథాతథంగా ఉంచారు.

గడిచిన తొమ్మిదేళ్లలో మా జట్టు అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తెచ్చుకుంది. అయిదుగురినీ మావాళ్లు ఇదే హాల్లో నెత్తిన పెట్టుకున్నారు. ఒకడి భుజం ఊడింది. ఒకడి మోకాలు రెండుసార్లు కోశారు. ఒకడి వెన్నులో ఇనుప ముక్కలున్నాయి. ఒకడు ఇప్పటికీ కిటికీ తెరలు దించుకుని కూర్చుంటాడట, వెలుతురు చూస్తే వాంతి అవుతుందని. అయిదోవాడు ముందే భయపడి పాస్టరు అయ్యాడు. ఎదుటివాళ్లు వచ్చి మీద పడకుండా క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డు నిలవాల్సిన అయిదుగురున్నారే, వాళ్లు మా జట్టులో చాలా మర్యాదస్తులు. వచ్చేవాళ్లకు దారిస్తారు.

"ఆ అయిదుగురిని మార్చుకోరాదా?" అని ఒకసారి సంఘాధ్యక్షుడు వాల్ట్‌ను అడిగాను. టైర్ల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు చేసి వచ్చిన మనిషి, లోకం తెలిసినవాడు.

"వాళ్ల పేర్లెవరికి తెలుసు లొరెటా?" అన్నాడు.

పేర్లే తెలియనివాళ్ల మీద చర్చ ఎలా సాగుతుంది?

ఇక అరచేయి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ట్రెంట్ చేయి తొమ్మిదంగుళాలకు గింజంత తక్కువ. టెక్సస్ కుర్రాడిది తొమ్మిదిన్నర. చలికాలంలో తడిసిన బంతి చిన్న చేతిలో నిలవదని శాస్త్రం. ఇద్దరి అరచేతులూ అట్టముక్కల మీద గీసి, కత్తిరించి, హాలు గోడకు, మరియమ్మ బొమ్మ పక్కన అంటించారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు తమ చేతులు ఆనించి చూసుకున్నారు. ఒక రిటైరైన బస్సు డ్రైవరు చేయి ఇద్దరికన్నా పెద్దదని తేలింది. ఆయన ఆనాటి నుంచి జేబుల్లో చేతులు పెట్టుకోవడం మానేశాడు.

తర్వాత వంశం. మా నాన్నకు మోకాళ్ల నొప్పులుండేవా అని అడిగారు. డెబ్బై దాటాక ఉండేవన్నాను. మర్నాడు రేడియోలో 'తల్లివైపు మోకాళ్ల చరిత్ర అనుమానాస్పదం' అని చెప్పారు. నేను బడి క్యాంటీనులో పిల్లలకు వడ్డిస్తాను; అక్కడికి హెడ్‌మాస్టరుగారు పళ్లెం పట్టుకుని వచ్చి, ట్రెంట్‌కు ఎన్ని నెలలు పాలిచ్చానని విచారించారు. వెనక వరసలో నిలబడ్డ పిల్లలకు ఆకలవుతోందని చెప్పాను. జవాబు దాటవేశానని రాసుకున్నారు.

వీటన్నిటికన్నా పెద్ద నేరం వేరే ఉంది. మావాడు కూలబడతాడు. బంతితో పరుగెత్తుతూ ఎవరైనా మీదికి వస్తుంటే కాళ్లు చాపి నేలమీద జారిపోతాడు. అలా జారినవాణ్ణి గుద్దకూడదని ఆటలోనే నియమం ఉంది. వాడికి తొమ్మిదేళ్లప్పుడు పెరట్లో గడ్డి మీద గొట్టంతో నీళ్లు కొట్టి ఆ జారడం నేర్పింది నేనే. ఎన్ని ప్యాంట్లు చిరిగాయో! అది జాగ్రత్త అనుకున్నాను. పిరికితనమని మా పళ్ల డాక్టరు నోర్బర్ట్ పదమూడు వారాలుగా రేడియోకు ఫోన్లు చేసి ఊరికంతా వివరిస్తున్నాడు.

నవంబరులో కాలేజీ ఆటలో ఒక్కసారి వాడు జారలేదు. ఎదుటి జట్టువాడు తల వంచుకుని వచ్చి వాడి తలను ఢీకొట్టాడు. ట్రెంట్ పడ్డాడు, లేచాడు, ఆఖరి పావు వంతు ఆట ఆడాడు, మూడు పాస్‌లు వేసి గెలిపించాడు. ఊరంతా కారు హారన్లు మోగించారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర "బామ్మ రాలేదేంటమ్మా?" అన్నాడు.

మా అత్తగారిని పూడ్చిపెట్టి నాలుగేళ్లయింది. పెట్టె మోసినవాళ్లలో వాడూ ఉన్నాడు. మెల్లిగా చెప్పాను. ఏడ్చాడు. సూపు అయ్యేలోగా మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ కొత్తగా ఏడ్చాడు. మూడోసారి అడిగినప్పుడు, వస్తుందిలే నాన్నా, అన్నాను.

రెండు వారాలకు సర్దుకున్నాడు. "ఎవరికీ చెప్పకమ్మా. తెలిస్తే నన్నెవరూ తీసుకోరు," అని ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు వేశాను. తెలియకపోతే మావాళ్లు తీసుకుంటారు. అప్పటి నుంచి రెండింటి మధ్యా నాకు నిద్ర లేదు.

ఇదీ ఆ శుక్రవారానికి ముందు పరిస్థితి. సభకు నూట ఇరవై ఆరు మంది సభ్యులు వచ్చారు. రేడియో గిల్ మైకు తెచ్చి చేపల పళ్లేల మధ్య పెట్టాడు, ప్రత్యక్ష ప్రసారం. జట్టు యజమాని కూడా వింటాడని వదంతి.

ముందు వాల్ట్ లేచాడు. "సోదరులారా! ట్రెంట్ మన సరస్సు నీళ్లు తాగినవాడు. ఏడేళ్లపాటు నా ఇంటి ముందు మంచు తవ్వి పోశాడు. ఆ భుజానికి అంత బలం ఎక్కడిదనుకుంటున్నారు? నేను డబ్బిచ్చి చేయించుకున్న పని కాదది, ఊరికే చేయించుకున్నాను. అంటే ఆ భుజం నా విరాళం!"

చప్పట్లు. డాక్టర్ నోర్బర్ట్ చేతులు తుడుచుకుని లేచాడు.

"సోదరీ సోదరులారా! వాడి పాలపళ్లు పీకినవాణ్ణి నేను. ఆనాడే గ్రహించాను, వీడికి నొప్పంటే భయం. నొప్పికి వెరిచేవాడు నాయకుడెలా అవుతాడు? మనకు కావలసింది కూలబడేవాడు కాదు, కూలినా లేచేవాడు!"

"మత్తుసూది ఇవ్వకుండా పీకితే ఎవడికి భయం ఉండదు డాక్టరూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఖర్చు తగ్గించమని మీ ఆవిడే అడిగేది కదయ్యా!" అన్నాడు డాక్టరు. ఆ వాదానికి హాలు సగం లేచి నిలబడింది.

ఓట్లు లెక్కపెట్టారు. అరవై మూడు, అరవై మూడు. మళ్లీ లెక్కపెట్టారు. అంతే.

"ఇంతటి చారిత్రక ఘట్టంలో," అన్నాడు గిల్ మైకు నా మూతి దగ్గర పెట్టి, "కన్నతల్లిగా రెండు ముక్కలు చెప్పండమ్మా. మీవాడు గట్టివాడేనా?"

నా చేతిలో జల్లిగరిటె ఉంది. దాని నుంచి నూనె కారుతోంది. కాదని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ గోడ మీది అట్టచేయి వైపు చూశాను. ఒట్టు సంగతి నోరు మరిచిపోయింది.

చెప్పేశాను. నవంబరులో తగిలిన దెబ్బ, ఆ తర్వాత సూపు, మూడుసార్లు బామ్మను అడగడం, అన్నీ. ఆఖరి పావు వంతు ఆట వాడికి ఈనాటికీ గుర్తు లేదని చెప్పాను. ఇంకో దెబ్బ తగిలితే ఈసారి నన్నే ఎవరని అడుగుతాడని చెప్పాను. వాణ్ణి తీసుకోమనకండి, దయచేసి ఎవరూ అనకండి, అన్నాను.

నమిలేవాళ్లు నమలడం ఆపేశారు. వాల్ట్ చేతిలోని చేపముక్క పళ్లెంలో పెట్టాడు. డోరీన్ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. గిల్ మైకు కిందికి దించాడు. ట్రెంట్ ఇక నన్ను జన్మలో క్షమించడని తెలుసు. క్షమించకపోతే మానె, మనిషిగా మిగిలితే చాలనుకున్నాను. ఇన్నాళ్లకు వీళ్లు నా మాట విన్నారనుకున్నాను.

అప్పుడు డాక్టర్ నోర్బర్ట్ లేచాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"అయితే లొరెటా," అన్నాడు, "ఆ మూడు పాస్‌లూ ఒంటిమీద స్పృహ లేకుండానే వేశాడా? అంతటి మొనగాణ్ణి పట్టుకుని పిరికివాడన్నానే! నా ఓటు మార్చి రాయండయ్యా, మొదటి పిలుపు వాడికే."