పల్స్ తగ్గాలి

ఆ ఉదయం కోడలు అనుకున్నది ఒక్కటే: ఎవరితోనూ మాటల్లో పడకుండా పెందలాడే ల్యాబుకు చేరాలి. బలమైన లేజరును గ్యాసులోకి వదిలితే గ్యాసు ప్లాస్మా అవుతుంది. అందులోంచి, రెప్పపాటు కూడా యుగమనిపించేంత పొట్టి వెలుగు బయటికొస్తుంది. ల్యాబులో దాన్ని పల్స్ అంటారు. ఎంత పొట్టిదైతే అంత గొప్ప. మధ్యాహ్నం డైరెక్టరు చూసేసరికి అది తగ్గకపోతే ఆ గది వేరే బృందానికి పోతుంది.

జుట్టు దువ్వుకుంటూ ఫోనులో, తనతో ల్యాబులో పనిచేసే స్నేహితురాలితో అంది: "నిన్న ప్లాస్మా సరిపోలేదు. పల్స్ ఎలా ఉందో చూశావుగా. ఇవాళ కూడా కాకపోతే ఇక ఆశ వదులుకోవడమే."

తలుపు అవతల ఉన్న అత్తగారి చెవిన ఈ మాటలు పడ్డాయి. ఆవిడ తలుపు తీసేలోపు కోడలు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెంటనే తమ్ముడికి ఫోను చేసి, కోడలికి నాడి పడిపోతోందని, ఎక్కించడానికి ప్లాస్మా దొరకట్లేదని, అదంతా దాచిపెట్టి పిల్ల ఉద్యోగానికి పోయిందని చెప్పింది. తమ్ముడు ఏ పనైనా ఘనంగా చేసే మనిషి. అంబులెన్సు పిలిచాడు. పొద్దున్నే తనతో నడిచే మిత్రులందరినీ రక్తమివ్వడానికి వెంటేసుకొచ్చాడు.

ల్యాబులో పల్స్ నిడివిని చూపే తెరమీది గీత ఎంతకీ సన్నబడలేదు. కోడలు లేజరు ఆపేసి, బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. సైరన్ విన్న కాపలాదారు గేటు తీసి, దారి కూడా చూపించాడు.

"పల్స్ పడిపోతోందని మా దగ్గర ఎందుకు దాచావమ్మా?" అంటూ అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. అది మంచుగడ్డలా తగిలింది. ఆవిడ విసురుగా వెళ్ళి గోడమీది ఏసీ స్విచ్చి ఆపేసింది.

పొద్దున ఫోనులో అన్న మాటలు కోడలికి గుర్తొచ్చాయి. "అత్తయ్యా, పల్స్ నాది కాదు. లేజరుది."

"దానిది ఏ గ్రూపు?" అన్నాడు చొక్కా చెయ్యి మడిచిన మిత్రుడొకాయన.

చూపిస్తే తప్ప వీళ్ళు కదలరని, అందరికీ రక్షణ కళ్ళద్దాలు పెట్టించి ఆమె లేజరు వేసింది. తెరమీద గీత సూదిలా లేచింది, అంతకుముందెన్నడూ రానంత సన్నగా. స్నేహితురాలు మళ్ళీ మళ్ళీ కొలిచింది. అదే లెక్క. ఇద్దరూ తలెత్తి ఏసీ వైపు చూశారు. ఇన్నాళ్ళూ ఆ గాలే కిరణాన్ని వణికించింది.

డైరెక్టరు వచ్చేసరికి కళ్ళద్దాల పెద్దమనుషులు వరసగా నిలబడి ఉన్నారు. పైనుంచి వచ్చిన పరిశీలకులేమోనని ఆయన అందరికీ వినయంగా చేతులు జోడించాడు. తెరమీది సన్నటి గీత చూశాక, గది కోడలి బృందానికే ఉండిపోయింది.

అందులో ఏసీ మళ్ళీ వెయ్యలేదు. వెలుగు కుదురుగానే ఉంది, మనుషులే ఉడికిపోతున్నారు.