పాల తేట

ఆ రోజు ఉదయం సూపర్‌వైజరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం కోడలు రేడియోలో వార్తలు చదువుతుంది. ఇంట్లో అందరూ కూర్చుని వింటారు. వార్తలు అయిపోగానే ఆయన లేచి ఒకే ఒక్క మాట చెబుతారు. ఆ మాటతో వీధి చివర డాక్టరమ్మ నోరు మూతబడాలి.

పాల డెయిరీ పరీక్షల గదిలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. వీధిలో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఉద్యోగం పోయినా హోదా మిగిలింది, హోదాతో పాటు కోపమూ మిగిలింది. చెంచాడు పాలు నాలుక మీద వేసుకుని వెన్న ఎంతుందో చెప్పేవారు. అలాంటి ఇంట్లోకి ఆ మధ్య కోడలు ఆసుపత్రి నుంచి వచ్చి, తనకి పాలు పడటం లేదని చెప్పింది. కడుపుబ్బరం, గడగడలు, తిప్పడం, అన్నిటికీ పాలే కారణమని డాక్టరమ్మ తేల్చిందట.

"పాలు పడకపోవడమేమిటి? పసిపిల్లలు బతికేదే వాటి మీద," అన్నారాయన.

"పాలలో ఒక చక్కెర ఉంటుంది మావయ్యా. దాన్ని అరిగించే సరుకు పసిపిల్లల కడుపులో ఉంటుంది. పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుందిట. అరగని చక్కెర పేగుల్లో పులిసి గ్యాసవుతుందిట."

ఎవరో తన వంశాన్ని తిట్టినట్టు ఆయన మొహం జేవురించింది. జీవితమంతా పాలు కొలిచాను, పాలలో వెన్న ఉంటుంది, నీళ్ళుంటాయి, దొంగలు కలిపినవి ఉంటాయి, ఇదెక్కడి కొత్త రోగం అని మూడు గదులూ తిరుగుతూ అరిచారు. డాక్టరమ్మ స్వయంగా వచ్చి సర్దిచెప్పబోతే మొహం మీదే తలుపేశారు. కోడలు మాత్రం పాలు మానేసింది. నల్ల కాఫీ తాగుతోంది. ఆ కప్పు కంటబడినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండిపోయేది. ఆమె ఎదుటే కూర్చుని పెద్ద గ్లాసు నిండా పాలు పోసుకుని, ఒక్కో గుక్కా వినబడేలా తాగేవారు.

ఆయన కడుపు మాత్రం గడగడలాడేది కాదా అంటే, ఆడేది. కాపురానికి వచ్చిన కొత్తలోనే భార్యకి ఆ సంగతి తెలిసింది. ఆ దోషం క్యాబేజీదని ఆయన తీర్పు చెప్పారు. ఆవిడకి ప్రాణమైన క్యాబేజీ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. గడగడ తగ్గలేదు. తర్వాత చిక్కుళ్ళు వెళ్ళిపోయాయి, బఠాణీలు వెళ్ళిపోయాయి. ఆవిడ క్యాబేజీ తినాలనిపిస్తే చెల్లెలింటికి వెళ్ళి తిని వచ్చేది.

కోడలికి ఆ రోజు మామూలు రోజు కాదు. ఇన్నాళ్ళూ స్టేషన్లో ముందుగా రికార్డు చేసుకునే వార్తలు చదువుతూ తాత్కాలికంగా ఉంది. ఇవాళ మొదటిసారి నేరుగా చదవాలి. బాగా చదివితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే వేరే మనిషి వస్తుంది. మైకు ముందు కడుపు శబ్దం చేస్తే ఊరంతా వింటుందన్నది ఆమె భయం. అందుకే పాల చుక్క ముట్టడం లేదు.

ఆ భయమంతా వట్టిదని రుజువు చేయడానికి సూపర్‌వైజరుగారు పొద్దున్నే వంటింట్లో దూరారు. డెయిరీ బుర్రతో లెక్క వేశారు. పాలలో అరగడానికి బరువైనదంతా వెన్న, ఆ తర్వాత విరిగే ముద్ద. ఆ రెండూ తీసేస్తే మిగిలేది తేటనీళ్ళు. డెయిరీలో ఆ నీళ్ళని కాలవలోకి వదిలేసేవాళ్ళు, అందులో ఏముంటుంది గనక? పాలు కాచి మీగడ తీశారు, నిమ్మకాయ పిండి విరగ్గొట్టారు, గుడ్డలో వడగట్టారు. ముద్దని పక్కన పెట్టి, ఆ తేటలో ఇంకాస్త నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి ఫ్లాస్కులో పోశారు. కోడలు ఇది తాగి వార్తలు చదివేస్తుంది, ఏమీ కాదు, అప్పుడు చెప్పొచ్చు, నువ్వు తాగింది పాలేనని.

"నిమ్మకాయ నీళ్ళమ్మా. గొంతుకి మంచిది," అన్నారు గుమ్మంలో.

వారం రోజులుగా ఎడమొహంగా ఉన్న మావగారు ఎదురొచ్చి ఇచ్చేసరికి కోడలి కళ్ళు మెత్తబడ్డాయి. "వార్తలకి ముందు ఏమీ తాగను మావయ్యా, గొంతు ఆరితే మధ్యలో తాగుతాను," అని బ్యాగులో పెట్టుకుంది. ఆయనకి ఎక్కడో కొంచెం గుచ్చుకుంది గానీ కోపం దాన్ని పైకి రానివ్వలేదు.

వార్తల వేళకి ముందే డాక్టరమ్మని కబురుపెట్టి మరీ పిలిపించారు. గెలుపు కళ్ళారా చూపించాలిగా. ఆవిడ వచ్చి కూర్చుంది. వార్తలయ్యేదాకా ఆగడం సూపర్‌వైజరుగారి వల్ల కాలేదు. మీగడ తీసిన వైనం, ముద్ద తీసిన వైనం, ఫ్లాస్కు వైనం అన్నీ చెప్పేశారు.

డాక్టరమ్మ తను తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టింది. "బాబాయిగారూ, కాఫీలో చక్కెర కలిపి వడగడితే చక్కెర గుడ్డలో ఆగుతుందా?"

"ఎందుకాగుతుంది? కరిగిపోయిందిగా."

"పాల చక్కెరా అంతే. దాదాపు అంతా ఆ తేటలోనే ఉంటుంది. ఆ అమ్మాయికి అంతగా ఇబ్బంది చెయ్యనివి మీరు తీసేశారు. ఇబ్బంది పెట్టేదాన్ని ఫ్లాస్కులో పోసి పంపారు."

సూపర్‌వైజరుగారు గోడ గడియారం చూసి, స్కూటరు తాళాల కోసం వెతికారు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా," అని ఆయన మండిపడ్డారు.

"చెబుదామనే వచ్చాను. తలుపేశారు."

కోడలికి ఫోన్ చేస్తే మోగుతోందే గానీ ఎత్తేవాళ్ళు లేరు. ఆయన స్కూటరు తీశారు. దారిలో స్కూటరుని తిట్టారు, సిగ్నలుని తిట్టారు, నిమ్మచెట్టుని తిట్టారు. స్టేషను గేటు దగ్గర ఆయన నోరు తెరవకముందే కాపలాదారు చెయ్యి పట్టుకున్నాడు. వార్తల తర్వాత ముసలితనంలో ఆరోగ్యం గురించి మాట్లాడటానికి ఒక పెద్దాయన రావలసి ఉంది.

"ఇంత ఆలస్యమా సార్, రండి రండి," అంటూ ఆయన్ని మెట్ల మీదుగా నెట్టుకుపోయి, మందపాటి తలుపు తెరిచి లోపలికి తోసేశాడు.

తలుపు వెనకాల మూసుకుంది. అదే క్షణంలో, ప్రసారం మొదలైందని ఎర్ర దీపం వెలిగింది.

అద్దం అవతల స్టేషను అధికారి మొహం కూడా అదే రంగులోకి మారింది. వేలు పెదాల మీద పెట్టుకుని, కోడలి పక్క కుర్చీ చూపించాడు. సూపర్‌వైజరుగారు నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఆ కుర్చీ ముందున్న మైకు రావలసిన అతిథి కోసం అప్పటికే తెరిచి ఉంది. ఆ కంగారులో దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

కోడలు చదువుతోంది. బల్ల మీద ఫ్లాస్కు నిండుగా ఉంది. ఒక వార్త ముగించి, రెండో వార్తకి ముందు ఆమె మూత తీసి పక్కన పెట్టి, ఫ్లాస్కు ఎత్తబోయింది. ఆయన ఫ్లాస్కుని ఒడిసి పట్టుకున్నారు. ఆమె లాగింది. ఆయన వదల్లేదు. ధరల గురించి చదువుతూనే ఆమె కళ్ళతో నిప్పులు కురిపించింది. చెప్పడానికి వీల్లేదు, సైగ చేస్తే అర్థమయ్యే సంగతి కాదు. మళ్ళీ ఆమె చెయ్యి రావడం చూసి, ఇంక దారిలేక, ఫ్లాస్కు ఎత్తి ఆ తేటంతా ఆయనే గటగటా తాగేశారు.

పొద్దున కోడల్ని ఉడికించడానికి తాగిన పెద్ద గ్లాసు పాలు అప్పటికే లోపల పని మీదున్నాయి. మెట్లెక్కిన ఆయాసం, పైన ఫ్లాస్కెడు తేట. ముందు పిల్లి గుర్రుమన్నట్టు వినిపించింది. తర్వాత బరువైన బీరువాని నేల మీద ఈడ్చినట్టు. ఆయన రెండు చేతులతో పొట్ట నొక్కిపట్టారు. నొక్కిన కొద్దీ అది ఎదురు తిరిగింది. సరిగ్గా కోడలు వాతావరణం దగ్గరికొచ్చి, "ఉరుములతో కూడిన జల్లులు" అన్న చోట, అతిథి మైకు ముందు ఊరంతటికీ వినబడేలా ఉరిమింది.

ఆమె గొంతు వణకలేదు. చివరి వాక్యం దాకా చదివి, నమస్కారం చెప్పి, దీపం ఆరాక లేచి నిలబడింది.

"ఫ్లాస్కులో ఏముంది మావయ్యా?"

చెప్పారు. తల వంచుకుని, వడగట్టిన గుడ్డతో సహా చెప్పారు.

"నాకు పాలు పడతాయో పడవో తర్వాత సంగతి. నా కడుపులోకి ఏం వెళ్ళాలో నన్ను అడగకుండా మీరెలా తేలుస్తారు? అదీ ఇవాళ. నిమ్మకాయ నీళ్ళని చెప్పి. నేను మీరిచ్చారని సంబరపడ్డాను కూడా." ఆమె అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆయనకి. జవాబు కోసం నోరు తెరిచారు. జవాబు పొట్టలోంచి వచ్చింది.

అధికారి లోపలికొచ్చాడు. పైవాళ్ళు ఫోన్ చేశారట, ఆ ఉరుమేమిటని చెడామడా తిట్టారట. "పక్కన అంత జరుగుతున్నా ఒక్క అక్షరం తొణకలేదు, రేపట్నుంచి ఆ అమ్మాయే చదవాలన్నారు," అని చెప్పి, సూపర్‌వైజరుగారి వైపు తిరిగాడు. "మీరు మాత్రం ఇంకెప్పుడూ ఈ గేటు దాటకండి."

ఇంటికొచ్చేసరికి డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ శబ్దం కోడలిదేమోనని ఈవిడ కంగారుపడింది," అందావిడ. "కాదు, మా ఆయనదని చెప్పాను. ఇన్నేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా?"

డాక్టరమ్మ నవ్వలేదు. కొన్నాళ్ళు పాలు మాని చూడమంది. పెరుగు పరవాలేదంది, తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరని కొంత ముందే తినేస్తాయిట.

"నాకా? నాకు పాలు మానమనా?"

"పొద్దునా రాత్రీ గ్లాసుడు పాలు తాగి, నేరం క్యాబేజీ మీద వేశారు," అంది భార్య. పెళ్ళయ్యాక ఆవిడ గొంతులో అంత కోపం ఆయన వినలేదు. "నా నోటి దగ్గరది తీసేశారు. ఒక్కసారైనా పాలని అనుమానించారా?" జవాబు కోసం ఆగకుండా సంచీ తీసుకుని బజారుకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కోడలి ముందు ఒక నల్ల కాఫీ కప్పు పెట్టి, తనూ ఒకటి పట్టుకుని నిలబడ్డారాయన. "నీళ్ళూ, పొడీ, చక్కెర. అంతే. తాగుతావా అని అడుగుతున్నాను," అన్నారు. ఆమె కప్పు ఎత్తి వాసన చూసింది, ఆయన మొహం చూసింది, మళ్ళీ వాసన చూసింది. అప్పుడు తాగింది.

ఆ వారమంతా ఆ ఇంట్లో రెండు పూటలా క్యాబేజీయే. ఆయన ఒక్క మాట అనలేదు. ఆయన కడుపూ అనలేదు.