పాత చెప్పు – పేదరికం

కథలు చదవడం పూర్తిగా మాన్పించినందువల్ల మా బడి పిల్లలకు కథల ప్రశ్నల్లో మార్కులు రెట్టింపయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఈ ఘనత హెడ్మాస్టరుగారిది. పై బడిలో సీటు కోసం రాసే పరీక్షలో ఒక కథ, దాని కింద పది ప్రశ్నలు ఉంటాయి. కథ చదివితే ఆరు నిమిషాలు పడుతుంది. చదవకపోతే ఏమీ పట్టదు. ఈ సూక్ష్మం ఆయనకు తట్టేదాకా లోకం ఎలా నడిచిందో మరి.

తరగతి గోడకు ఆయన ఒక పట్టిక అతికించారు. వాన – దుఃఖం. దీపం – ఆశ. కిటికీ – స్వేచ్ఛ. పాత చెప్పు – పేదరికం. పిల్లలు రోజూ దీన్ని ఎక్కాల్లా వల్లెవేసేవారు. ఒకరోజు నిజంగానే వాన వస్తే రెండో బెంచీ మొత్తం ముఖాలు వేలాడేసింది. హెడ్మాస్టరుగారు మురిసిపోయారు.

చెప్పులు కుట్టే ఆయన కూతురొక్కతే కొరకరాని కొయ్య. గంట కొట్టగానే అందరూ ప్రశ్నల మీద పడితే, ఆ పిల్ల కథ మొదటి వాక్యం మీద వేలు పెట్టేది. ఒకసారి మధ్యలో నవ్వింది కూడా. ఆ నవ్వుకు పదిహేడు సెకన్లు వృథా అయినట్టు తేల్చి, తండ్రిని పిలిపించారు.

"ఏమయ్యా, మీ పిల్ల కథలు చదువుతోంది."

"చదవడానికే కదండీ పంపింది?"

"నీకెలా చెప్పాలయ్యా! సీటొచ్చాక చదువుకోమను. ఇప్పట్నుంచే అలవాటైతే కష్టం."

"చెప్పి చూస్తానండి. వాళ్లమ్మా అంతే, మొదలెడితే సగంలో ఆపదు."

పరీక్ష రానే వచ్చింది. కథలో ఒక పెద్దమనిషి, మూడుసార్లు కుట్టించిన చెప్పులతో విందుకు వెళ్తాడు. ఆ చెప్పులు దేనికి గుర్తని ప్రశ్న. నలభై ముగ్గురు కళ్లు మూసుకుని పేదరికం అన్నారు. ఆ పిల్ల మాత్రం 'ముందుచూపు' దగ్గర టిక్కు పెట్టింది. జవాబులు తయారుచేసే బాధ్యత ఆ ఏడు మా హెడ్మాస్టరుగారికే అప్పగించారు కాబట్టి, ఆయన కథ చదివే ప్రసక్తే లేదు; పట్టిక చూసి పేదరికమే ఒప్పని రాసిచ్చారు. ఒక్క మార్కుతో ఆ పిల్లకు సీటు పోయింది.

మర్నాడు తండ్రి చేతిలో సూదితోనే వచ్చేశాడు.

"మూడుసార్లు కుట్టించినవాడు పేదోడెలా అవుతాడండీ? మూడుసార్లూ ఎవరో కూలి పుచ్చుకునే ఉంటాడు కదా! ఇందులో పేదరికం ఎక్కడుందో కాస్త వేలు పెట్టి చూపించండి."

చూపించడానికి కథ తెరవక తప్పలేదు. చూస్తే ఆ పెద్దమనిషికి మూడు మేడలు. విందులకు వెళ్లినప్పుడల్లా గుమ్మం బయట విడిచిన కొత్త చెప్పులు ఎవరో తొడుక్కుపోతున్నారని పాతవి వేసుకెళ్లాడు. తిని బయటికొచ్చేసరికి పాతవీ లేవు. వాటి చోట, కిందటి విందులో పోయిన తన కొత్త జత ఉంది.

హెడ్మాస్టరుగారు నవ్వారు. పదకొండేళ్లలో ఇదే మొదటిసారి. నలభై సెకన్లని గుమాస్తా రాసుకున్నాడు.

నవ్వు ఆగాక ఆయన ఎర్ర సిరాతో జవాబు దిద్దారు. ఆ పిల్లకు సీటొచ్చింది. మిగతా నలభై ముగ్గురికీ తలా ఒక మార్కు తగ్గింది. "కథలు చదివే మనిషి చేతిలో మా పిల్లల భవిష్యత్తు పెట్టలేం" అని తల్లిదండ్రులు అర్జీ పెట్టారు. పై అధికారులు వెంటనే స్పందించి, చదివే అలవాటున్నవారిని మాన్పించడానికి పెట్టిన ప్రత్యేక తరగతిలో ఆయన్ని కూర్చోబెట్టారు. ఆఖరి బెంచీలో ఇప్పుడు ఆయన రెండో కథ మీద ఉన్నారని తెలిసింది.

ఈ ప్రకటనను మొదటి వాక్యం నుంచి ఇక్కడిదాకా వరసగా చదువుకుంటూ వచ్చినవారికి మనవి: మీ పేర్లూ ఆ ప్రత్యేక తరగతిలో చేర్చాం. తరగతి సాయంత్రం నాలుగింటికి. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. పాతవి వేసుకొస్తే మంచిది.