చౌడమ్మ చేసిన గార్బేజ్ కలెక్షన్

ఆ ఉదయం అమృత వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి బెంగళూరు నుంచి చిప్‌లు కొనే కంపెనీ తరఫున శశికుమార్ వస్తాడు, ఆమె చిప్‌ను చూస్తాడు, సరే అంటాడు. కాదంటే హోసూరులోని ఆ ఆఫీసులో ఆమె చేసిన మూడేళ్ల పని బీరువాలోకి పోతుంది. చూపించడానికి ఆ చిప్ బిగించిన నమూనా బోర్డు ఉన్నదీ ఒక్కటే.

ఆ చిప్ గోరంత ఉంటుంది. కంప్యూటరులో డేటా దాచే డ్రైవుకు అదే పెద్దదిక్కు. పనికొచ్చే డేటాను ఏరి కొత్త చోటికి మారుస్తుంది, పాత చోటును చెరిపి ఖాళీ చేస్తుంది. ఎవరూ అడక్కుండానే సెకనుకు వేల ముక్కలు సర్దేస్తుంది. ఇంజనీర్లు దీన్ని గార్బేజ్ కలెక్షన్ అంటారు. రోజూ చూస్తున్నా అమృతకు ఒళ్లు పులకరిస్తూనే ఉంటుంది.

"గార్బేజ్ కలెక్షన్ ఇంకా అవలేదు సార్. శశికుమార్ గారు వచ్చేలోపు అవకపోతే పరువు పోతుంది," అని ఆమె మేనేజరుకు ఫోనులో చెప్పింది.

నేల తుడుస్తున్న చౌడమ్మ చేయి ఆగిపోయింది. ఉద్దనపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి ఆరేళ్లుగా ఆ ఆఫీసును శుభ్రం చేస్తున్న ఆమె పనికి ఎవరూ వంక పెట్టింది లేదు.

"యాడమ్మా మిగిలిండేది?"

"ఆ మూల బల్ల మీద అక్కా," అంది అమృత, తెర మీంచి కళ్లు తిప్పకుండా. చౌడమ్మకు కూడా చిప్ మీద ఆసక్తి కలిగిందని లోలోపల మురిసిపోయి, శశికుమార్‌ను పైకి తీసుకురావడానికి కిందికి వెళ్లింది.

మూల బల్ల మీద పైడబ్బా కూడా లేని పచ్చ బోర్డు ఒకటి, దాని మీద టేపు ముక్కలు, చుట్టూ వైర్లు ఉన్నాయి. చౌడమ్మ ఒక్క చూపులో తేల్చేసింది. వైరు పీకి, బోర్డును తిని పారేసిన ఇడ్లీ పొట్లాల కవరులో వేసి, రోజూ చెత్త ఎత్తుకుపోయే మారియప్ప కుప్పబండి వాకిట్లో ఆగి ఉంటే అందులో పడేసి వచ్చింది.

అమృత అతిథితో పైకి వచ్చేసరికి బల్ల ఫినాయిలు వాసన కొడుతోంది.

"గార్బేజ్ కలెక్షన్ అయిపోయిందమ్మా," అంది చౌడమ్మ.

శశికుమార్ ముచ్చటపడ్డాడు. "ఎట్ల చేస్తారమ్మా?"

"బాగుండేది ఒక పక్క, పనికిరానిది ఒక పక్క పెడతానప్పా. పనికిరానిది తీసేసి జాగా ఖాళీ చేస్తాను."

"మా ఇంజనీర్లు గూడా ఇంత సులువుగా చెప్పలేరు," అన్నాడాయన నిజంగానే అబ్బురపడుతూ.

అమృత చూపు అప్పటికి ఖాళీ బల్ల మీద పడింది. "బోర్డు ఏదక్కా?"

"కుప్పబండిలో ఏసినాను."

శశికుమార్ కారులో ముగ్గురూ బండిని వెంటాడి సూళగిరి దారి మొదట్లో పట్టుకున్నారు. మారియప్ప తొణకలేదు.

"తడి కసువా, పొడి కసువా? అది చెప్తేనే మూత తీస్తాను."

"రెండూ," అంది చౌడమ్మ తల దించుకుని. అతను ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె తానే బండెక్కి, వెతికి, సాంబారు కారుతున్న బోర్డును పైకి తీసింది.

ఆఫీసులో దాన్ని స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టారు. సర్దుడు సగంలో ఉండగా వైరు పీకారు కాబట్టి డేటా మిగిలి ఉంటుందన్న ఆశ అమృతకు లేదు. అయినా వైరు మళ్లీ తగిలించింది.

తెర వెలిగింది. చిప్ తాను ఎక్కడ ఆగిందో వెతుక్కుని అక్కడి నుంచే పని మొదలుపెట్టింది. ఒక్క ఫైలు చెదరలేదు. కొత్త చోట సరిగా రాశానని చూసుకున్నాకే పాతది చెరపాలని దానికి నేర్పింది అమృతే. అయినా ఇంత బుద్ధిగా వింటుందని ఆమె అనుకోలేదు. ఆమెకు కళ్లు చెమర్చాయి. ముగ్గురూ ఆ గోరంత చిప్ మీదికి వంగి చూశారు.

"తప్పు చేసినానమ్మా," అంది చౌడమ్మ మెల్లగా.

"లేదమ్మా," అన్నాడు శశికుమార్. "మా ల్యాబులో వెయ్యిసార్లు కరెంటు తీసి చూస్తాము. ఇంత దూరం ఎవురూ పోలేదు."

వారంలో ఆర్డరు వచ్చింది. దానికి జతచేసిన పరీక్షల పట్టికలో చివరిది కుప్పబండి పరీక్ష, నిర్వహించవలసినవారు చౌడమ్మ, సాంబారు తప్పనిసరి కాదు.