పదకొండు కేజీల పెనం

ఆదివారం ఉదయం ఐదున్నరకు వంటింటి తలుపు తీసిన సూర్యకళకు పెద్ద పొయ్యి మీద పెనం కనిపించలేదు.

పొయ్యి ఉంది. పెనం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆమె లైటు ఒకసారి ఆర్పి, మళ్లీ వేసి చూసింది. ఖాళీయే కనిపించింది. ఇంకే రోజు పోయినా ఏడ్చి ఊరుకునేదాన్ని అనుకుంటూ అక్కడే పీట మీద కూలబడింది.

భీమునిపట్నం బస్టాండు వెనక సందులో ఉన్న ఆ మెస్‌కు ఏసీ లేదు, మెనూ కార్డు లేదు, బోర్డు మీద పేరు సగం ఉప్పుగాలికి చెరిగిపోయింది. ఆరు బల్లలు, రెండే వంటకాలు. ఒకటి వంజరం చేపల పులుసు. రెండోది మేకపోతు తొడ మాంసం రెండు వేళ్ల మందాన కోసి, ఉప్పూ మిరియాలూ పట్టించి పెనం మీద కాల్చే ముక్క. సూర్యకళ తండ్రి దాన్ని కాల్పుముక్క అనేవాడు. నేవీ వాళ్లు వచ్చి తిని స్టీకు అన్నారు. అదే నిలిచిపోయింది. ఆదివారం వస్తే పెందుర్తి నుంచి కూడా కార్లు వేసుకుని వచ్చి, సందు చివరి దాకా నిలబడి మరీ తినేవాళ్లు. తిన్న ప్రతివాడూ ఒకే మాట అనేవాడు: రుచంతా ఆ పెనంలోనే ఉంది.

ముక్కలు చేసిన పాత ఓడ రేకు నుంచి ఆమె తండ్రి దాన్ని కోయించాడు. పదకొండు కేజీలు. దానికి సబ్బు తగలకూడదు, నీళ్లు తగలకూడదు. రెండు పూటలా వేడి మీదే కిందికి దింపి, రాళ్ల ఉప్పుతో రుద్ది, నువ్వుల నూనె పట్టించి మళ్లీ ఎక్కించాలి. దింపడం, ఎక్కించడం సూర్యకళ భర్త శ్రీనివాసరావు పని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే అతని పని.

మెస్ ఉన్న స్థలం కృష్ణంరాజుగారిది. అయిదేళ్లకోసారి ఆయన అద్దె కాగితాలు పట్టుకుని వస్తాడు, స్టీకు తింటాడు, చెయ్యి తుడుచుకుని సంతకం పెడతాడు. ఈసారి సెల్‌ఫోన్ల షోరూం వాళ్లు ఆయన చుట్టూ తిరుగుతున్నారు. "ఆ పెనం ఉన్నన్నాళ్లూ నువ్వుంటావమ్మా," అని పోయినసారి వెళ్తూ వెళ్తూ అన్నాడు. ఆయన ఈ రోజు ఒంటిగంటకు వస్తున్నాడు.

"బావా," అని పిలిచింది సూర్యకళ.

శ్రీనివాసరావు నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చాడు. పొయ్యి వైపు చూశాడు. "ఏటైంది?"

"పెనం నేదు."

"అంటే?"

"అంటే నేదు. రాత్రి నువ్వే కదా ఎక్కించినావు?"

"ఎక్కించినాను," అన్నాడు. చాలాసేపు పొయ్యి వైపే చూశాడు.

మసాలా నూరే ముసలమ్మ అప్పుడే వచ్చింది. సంగతి విని, చేతిలో సంచి కింద పెట్టకుండానే తీర్పు చెప్పేసింది. "పాత ఇనప సామాన్ల సందుగాడమ్మా. తెల్లారగట్ల ఆడి ఆటో సప్పుడు నాను ఇన్నాను. తగరపువలసలో అమ్మేసుంటాడు."

"ఎల్లు బావా," అంది సూర్యకళ.

శ్రీనివాసరావు వెంటనే చొక్కా తొడుక్కున్నాడు. స్కూటర్ తీసుకుని వెళ్లిపోయాడు. ఇంత తొందరగా అతను బయల్దేరడం పెళ్లయ్యాక ఆమె ఎప్పుడూ చూడలేదు. పాపం, ఎంత బాధగా ఉందో అనుకుంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ మేడ మీద అల్లుడున్నాడు.

మణికంఠది గోదావరి జిల్లా. వైజాగ్ పోర్టులో సెక్యూరిటీ కెమెరాల గదిలో ఉద్యోగం. సూర్యకళ కూతురు సత్యశ్రీతో పెళ్లయి నాలుగు నెలలైంది. భార్యను తీసుకుని శుక్రవారం వచ్చాడు. అప్పటి నుంచి అతనికి తినిపించడమే తప్ప ఎవరూ ఏ పనీ చెప్పలేదు. నిన్న తాగిన గ్లాసు తనే లోపల పెట్టబోతే అత్తగారు పరుగున వచ్చి లాక్కుంది. పెనం పోయిందని తెలియగానే రెండేసి మెట్లు దిగి వచ్చాడు.

"నాకొదిలేయండి అత్తయ్యగారూ. మా పోర్టులో కంటైనర్లే పట్టుకున్నామండి. పెనం ఎంత?"

"మీకెందుకు బాబూ ఇయన్నీ. మీరు కూకోండి. పెసరట్టు ఎయ్యమంటాను."

"పెసరట్టు వద్దండి. నిన్ననే ఆరు తిన్నాను. ఒక్క పని చెప్పండి చాలు."

అల్లుడి మాట కాదనలేక ఆమె తలూపింది. ఆ తలూపిన క్షణం నుంచి సంగతి వంటింట్లోంచి రోడ్డెక్కింది. మణికంఠ బస్టాండు ఆటోవాళ్లను పోగుచేశాడు. వాళ్లంతా ఆ మెస్‌లో రోజూ తినేవాళ్లే. నాలుగు ఆటోలు నాలుగు దిక్కులకు వెళ్లాయి. ఎనిమిదిన్నరకు గంటస్తంభం దగ్గర ముసలమ్మ చెప్పిన పాత ఇనుము చందు దొరికాడు. అతన్నీ అతని ఆటోనీ కలిపి మెస్ ముందుకు తెచ్చి, సామానంతా సందు మొదట్లో కుమ్మరించారు. సైకిల్ రిమ్ములు, తుప్పు పట్టిన కూలర్, మూడు రెక్కల్లో రెండే మిగిలిన ఫ్యాను. పెనం లేదు.

"అక్కా, నీ పులుసు తిన్న నోటితో సెప్తన్నాను," అన్నాడు చందు. "నీ కొంపలో మేకు కూడా ముట్టనేదు. ఆ పెనం నాకెందుకు? ఎత్తాలంటే ఇద్దరు మనుసులు కావాల."

ఈలోగా బస్టాండులోంచి వైజాగ్ బస్సు బయటికి వచ్చింది. సైకిల్ రిమ్ముల ముందు ఆగింది. ఆటోవాళ్లు రిమ్ములు తీస్తుండగా డ్రైవరు దిగి, ఎలాగూ ఆగాం కదా, పులుసు అయిందా అని అడిగాడు. అతని వెనక కండక్టరు, కండక్టరు వెనక పద్నాలుగు మంది ప్రయాణికులు దిగారు. ఒంటిగంటకు దాచిన వంజరంలో సగం తొమ్మిదిన్నరకే అయిపోయింది.

సూర్యకళ పక్కకు వచ్చి భర్తకు ఫోన్ చేసింది. "బావా, ఎక్కడున్నావు?"

"తగరపువలసలోనే. ఎంక్వైరీ సేత్తన్నాను."

"సందుగాడు ఇక్కడే దొరికినాడు. ఆడు తియ్యలేదట."

"అయినా సరే, ఇక్కడ ఇంకో రెండు షాపులున్నాయి. సూసొచ్చేత్తాను."

ఫోన్‌లో వెనక నుంచి సముద్రం హోరు వినబడింది. తగరపువలసలో సముద్రం లేదు. ఆ సంగతి ఆలోచించే ఓపిక అప్పుడు ఆమెకు లేదు.

పది గంటలకు మణికంఠ పక్క మందుల షాపు కెమెరా పట్టుకున్నాడు. షాపతన్ని నిద్రలేపి, కంప్యూటర్ ముందు కూర్చుని వెనక్కి తిప్పాడు. ఆటోవాళ్లు, చందు, బస్సు కండక్టరు, ముసలమ్మ అతని వెనక నిలబడ్డారు. సూర్యకళ అందరి మధ్యలోంచి మెడ చాచి చూసింది.

నాలుగూ నలభై. మెస్ వెనక తలుపు తెరుచుకుంది. దుప్పటి నిండా కప్పుకున్న ఒక మనిషి బయటికి వచ్చాడు. దుప్పటి కింద గుండ్రంగా, బరువుగా ఏదో ఉంది. నాలుగడుగులకోసారి ఆగుతూ పెరటి వైపు వెళ్లాడు. అటువైపు మణికంఠ కారు ఒక్కటే ఉంది. మనిషి మొహం కనబడలేదు. దుప్పటి మీద నెమళ్లు మాత్రం స్పష్టంగా కనబడ్డాయి.

సూర్యకళ గుర్తుపట్టింది. ఆ నెమళ్ల దుప్పటి ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. అల్లుడు కప్పుకోవడానికని తనే వైజాగ్ జగదాంబ సెంటర్ దాకా వెళ్లి కొనుక్కొచ్చింది.

"అరె, ఆ నెమళ్లు..." అంటూ మణికంఠ ముందుకు వంగాడు. "ఉండండి, పెద్దది చేసి చూద్దాం."

"ఆపేయండి బాబూ," అంది సూర్యకళ. "దొరికేసినాది."

"ఏం దొరికిందండి?"

"పెనం. నానే పెట్టి మర్సిపోనాను. వయసైపోనాది కదా. అందరూ ఎల్లిపోండి."

ఎవరూ వెళ్లలేదు. ముసలమ్మ ఆమె చెవి దగ్గరికి వచ్చింది. "అల్లుడుబాబేనా?"

"నోరు మూసుకో."

"నాను మూసుకుంటానమ్మా. అంత ఉద్యోగం సేసుకుని పెనం ఎందుకంట?"

"ఏమో. సత్యశ్రీ వండి పెడతాదని ఆశపడ్డాడేమో." అల్లుణ్ని దొంగా అని అడిగిన అత్త ఆ సందులో ఇంతవరకు లేదు. మొదటిది తను కాబోదు. మెస్ పోతే పోయింది, కూతురి కాపురం ముఖ్యం.

చందుకు జరిగిన అవమానానికి భోజనం పెడతానని మాటిచ్చింది. ఆటోవాళ్లకు పడ్డ శ్రమకు పెడతానంది. తర్వాత సందు చివర అట్లు పోసే రాణి దగ్గరికి వెళ్లి, ఆమె అట్లపెనం అరువు అడిగి తెచ్చుకుంది. తేలిగ్గా ఉంది. ఒక్క చేత్తోనే తెచ్చింది.

ఒంటిగంటకు కృష్ణంరాజుగారు తెల్లచొక్కాతో, చంకలో కాగితాలతో వచ్చి మొదటి బల్ల దగ్గర కూర్చున్నాడు. మిగతా అయిదు బల్లలూ ఆటోవాళ్లతో నిండి ఉన్నాయి. శ్రీనివాసరావు కూడా అప్పుడే తిరిగొచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా వెనక ఇసుక అంటుకుని ఉంది.

"ఏమ్మా, ఇవాళ జనం బాగున్నారే," అన్నాడు కృష్ణంరాజు.

"అంతా మనోల్లేనండి," అంది సూర్యకళ.

ముక్క వచ్చింది. ఆయన మొదటి తునక నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చందు నమలడం ఆపేశాడు. సూర్యకళ కొంగు పట్టుకుని నిలబడింది. ఆయన నెమ్మదిగా నమిలాడు. మింగాడు. రెండో ముక్క తెమ్మని వేలు చూపించాడు. అది కూడా తిన్నాక చెయ్యి తుడుచుకున్నాడు.

"షోరూం వాళ్లు నా కొడుకు బుర్ర తినేస్తున్నారమ్మా. వాడికి చెప్పాను, ఆ పెనం మీద కాలిన ముక్క ఒక్కటి తిని అప్పుడు మాట్లాడరా అని. ఈ రుచి ఇంకో పెనం మీద రానే రాదు. చచ్చినా రాదు." కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. ఇంకో అయిదేళ్లు.

గోడ దగ్గర శ్రీనివాసరావు తల ఎత్తాడు. ఆయన వైపు, పొయ్యి మీద అట్లపెనం వైపు, మళ్లీ ఆయన వైపు చూశాడు. ఎవరో తన జీతం ఇరవై ఎనిమిదేళ్లుగా పక్కవాడికి ఇస్తున్నట్టు తెలిసిన మనిషిలా ఉంది అతని మొహం.

కథ సుఖంగా ముగియడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. సాయంత్రం డ్యూటీ ఉందని మణికంఠ బయల్దేరాడు. కారు ముందుకు తెచ్చాడు. సూర్యకళ అరిసెల డబ్బా, జంతికల డబ్బా, ఎండుచేపల సంచి మోసుకొచ్చింది. కృష్ణంరాజుగారు కూడా సాగనంపడానికి అరుగు మీదికి వచ్చాడు. మణికంఠ డిక్కీ తెరిచాడు.

నెమళ్ల దుప్పటి మడతలోంచి పెనం అంచు బయటికి వచ్చి ఉంది.

పోర్టులో కంటైనర్లు పట్టుకున్న మనిషి తన డిక్కీలోకి తనే చూస్తూ ఉండిపోయాడు.

"తీసికెల్లండి బాబూ," అంది సూర్యకళ మెల్లగా. "మీకన్నా ఎక్కువేటి? అడిగితే నానే ఇద్దును కదా."

"అత్తయ్యగారూ, నేను కాదండి."

"మీరని ఎవులన్నారు? ఎవులూ అన్లేదు. దానిమీద అరిసెల డబ్బా పెట్టుకోండి, కదలదు."

"నాకు పెనం ఎందుకండి? మా ఇంట్లో స్టవ్వే చిన్నదండి."

"పర్లేదు బాబూ. పెద్ద స్టవ్వు కూడా పంపిత్తాను."

అతను ఎంత కాదంటే ఆమె అంత ఇచ్చేస్తోంది. సత్యశ్రీ భర్త మొహం వైపు ఒకసారి చూసి, కారెక్కకుండా వెనక్కి తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి. "నువ్వెళ్లు. నాను తరవాత వస్తాను," అంది.

"ఆగండి," అన్నాడు కృష్ణంరాజు. "పెనం ఇక్కడుంటే మరి నేను తిన్నది దేని మీద?"

జవాబు సందు చివరి నుంచి నడిచి వచ్చింది. "అక్కా, నా అట్లపెనం ఇచ్చేత్తావా?" అంది రాణి. "సాయంత్రం పిండి కలిపేసినాను."

కృష్ణంరాజు తన చేతిలో కాగితం వైపు చూసుకున్నాడు. సంతకం తడి ఇంకా ఆరలేదు. చింపనూ లేదు, మడవనూ లేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు. సత్యశ్రీ లోపలికి నడుస్తోంది.

అప్పుడు శ్రీనివాసరావు గోడ వదిలాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ కారు దగ్గరికి వచ్చాడు. ఆ నడక చూసి మందుల షాపతను నోరు తెరిచాడు.

"అమ్మా సత్యా, ఆగు," అన్నాడు. "అల్లుణ్ని ఏటీ అనకండి. తీసింది నానే.

"దండెం మీద ఆరేసిన దుప్పటి కప్పుకుని, మేకుకున్న కారు తాళం తీసుకుని, మోసుకెల్లి అల్లుడి డిక్కీలో పెట్టినాను. అల్లుడి కారు ఎవులూ ఎతకరు కదా. వైజాగ్ ఎల్లిపోనాక అమ్మాయికి ఫోన్ సేసి సెప్దామనుకున్నాను. తగరపువలస నాను ఎల్లనేదు. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో పడుకున్నాను. పెళ్లయ్యాక ఆదివారం పడుకోడం ఇదే మొదలు. శానా బాగున్నాది.

"కళా, అది మావయ్య పెనం. నాకూ తెలుసు. కానీ రోజుకి రెండు మాట్లు దింపాల, రెండు మాట్లు ఎక్కించాల. నా నడుం అయిపోనాది. ఈ రోజు ఆ కాగితం మీద సంతకం పడితే ఇంకో అయిదేళ్లు ఎత్తాలని రాత్రంతా నిద్రపట్టనేదు. నీకు సెప్తే పెనం బాధ ఇంటావు గానీ నా బాధ ఇంటావా? మెస్ పోతాదని భయమేసినాది. అయినా ఎత్తుకెల్లిపోనాను.

"రాజుగారూ, మీరు కాగితం చింపుకుంటే చింపుకోండి. ఒక్క మాట సెప్పి ఊరుకుంటాను. ఆ రుచి అట్లపెనం మీద కూడా వస్తాదని నాకెవులూ సెప్పనేదు. తెలిసుంటే ఈ దొంగతనం ఇరవై ఎనిమిదేళ్ల కిందటే సేసీద్దును."